ఏదులవాగు ఎక్స్‌ప్రెస్

సోమవారం సాయంత్రం బండి దిగిన సక్కుబాయి ఇంటిదారి పట్టలేదు. ఖాళీ గంపలు మూడూ ఒకదాంట్లో ఒకటి ఇరికించి చంకన పెట్టుకొని, నేరుగా టికెట్ కిటికీ దగ్గరికి వచ్చింది. కొంగుముడి విప్పి ఒక కాగితం తీసి లోపలికి విసిరింది.

"సదువు," అన్నది.

ఏదులవాగు హాల్టులో కిటికీ అంటే గొప్పదేమీ కాదు. రేకుల షెడ్డుకు చెయ్యి పట్టేంత కంత. ఆ కంత వెనక స్టూలు మీద రాజక్క, ఆమె ముందు తేదీ ముద్ర, సిరా డబ్బీ, అరల పెట్టెలో వరస తప్పకుండా పేర్చిన అట్ట టికెట్లు. రాజక్కది రైల్వే నౌకరీ కాదు. పెద్ద స్టేషన్లో ముందుగా పైకం కట్టి టికెట్ల కట్టలు తెచ్చుకొని, ముద్ర కొట్టి అమ్ముతుంది. టికెట్‌కు ఇంత అని కమీషను. మొదట మొగుడు ఇస్తారి చేసిన పని అది. కళ్లకు పొర కమ్మి అంకెలు కనబడక ఆయన ఇంట్లో కూర్చుంటే, పదమూడేళ్లుగా ఆ స్టూలు రాజక్కదయింది.

రాజక్క కాగితం తీసుకొని వెలుతురుకు పట్టింది. జుర్మానా రసీదు, దండుగ కట్టించుకున్నట్టు. రెండు వందల ఎనభై రూపాయలు.

"టికెట్ పడగొట్టుకున్నవా?"

"పడగొట్టుకుంటె నా కర్మ అనుకుందును అక్కా. నువ్విచ్చిన టికెట్ చేతుల పెట్టిన. గిది గీ బండికి నడవదన్నడు టీసీ. గీ బండి ఎక్స్‌ప్రెస్ అట. ముప్పై అట. పది రూపాల టికెట్ తోని ఎక్కితే దొంగబండి ఎక్కినట్టే అట. డబ్బల జనమంత నన్నే చూసిన్రు రాజక్కా! రెండు గంపల సీతాఫలాలు అమ్మితె వచ్చేటన్ని పైసలు ఆని చేతుల పోసిన."

పొద్దున బండికి మంచిర్యాల టికెట్ ఆమె చేతులతో ఆమే ఇచ్చింది. పది రూపాయలని టికెట్ మీదే అచ్చయి ఉంది. సాయంత్రం సక్కుబాయి దిగి వచ్చిందీ ఆ బండే. అవే డబ్బాలు, అదే ఇంజను. మూడో డబ్బాలో పగిలిన కిటికీ అద్దానికి అంటించిన అట్టముక్క కూడా అదే.

"మరి వచ్చేటప్పుడు?"

"వచ్చేటప్పుడు మంచిర్యాలల పదే తీసుకున్నరు. గిప్పుడు పాసింజర్ అట. పొద్దుగాల ఎక్స్‌ప్రెస్, పొద్దుమీకి పాసింజర్. నాకు లెక్కలు రావనుకున్నవా, నాతోని ఆడుకుంటున్నరా?" సక్కుబాయి గంపలను ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుంది. "టీసీ ఏమన్నడు తెలుసా? నీకు టికెట్ ఇచ్చినోళ్లనె అడుగుపో అన్నడు. గందుకె నిన్నడుగుతున్న. ఎందుకిచ్చినవ్?"

జవాబు కోసం సక్కుబాయి ఆగలేదు. రసీదు కిటికీలోనే వదిలేసి పట్టాల పక్కన కాలిబాట పట్టి వెళ్లిపోయింది.

రాజక్క రసీదును మేకుకు గుచ్చింది. మళ్లీ తీసి మళ్లీ చదివింది. చేతిలో ఉన్న పది రూపాయల టికెట్‌ను వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు. ముప్పైకి ముప్పై, దాని మీద రెండు వందల యాభై. పదమూడేళ్లలో టికెట్ లేకుండా ఎవరినీ బండెక్కనివ్వలేదని ఆమెకు పేరు. పరుగెత్తి పోయే కాలేజీ పిల్లల చొక్కా పట్టుకొని వెనక్కి లాక్కొచ్చి మరీ టికెట్ చేతిలో పెట్టేది. రాజక్క ముద్ర పడితే ఇక అడిగేవాడు లేడని జనం అనుకునేవారు. అలాంటి ముద్ర కొట్టిన టికెట్‌తో ఒక ఆడమనిషిని నిండు డబ్బాలో దొంగను చేసి నిలబెట్టారు. ఈ మాట ఆమెకు రెండు వందల ఎనభై కంటే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు కోడి కూసేసరికి తయారైంది. పెద్ద స్టేషన్ పద్నాలుగు కిలోమీటర్లు. పొద్దుటి బండి అటు నుంచే వస్తుంది, అటు పోయే బండి సాయంత్రానికి గానీ లేదు. చౌరస్తా దాకా నడిచి షేర్ ఆటో ఎక్కింది. నలభై రూపాయలు. దారిపొడుగునా ఆ నలభైని తిట్టుకుంటూనే పోయింది.

బుకింగ్ క్లర్కు అప్పుడే డ్యూటీకి వచ్చి గల్లాపెట్టెలో చిల్లర సర్దుకుంటున్నాడు. రూపాయలు ఒక వరస, రెండు రూపాయలు ఒక వరస. రాజక్క రసీదు అద్దం కింది నుంచి జరిపింది. ఆయన చూశాడు, మళ్లీ చిల్లరలో పడ్డాడు.

"ఒకటో తారీకు నుంచి పొద్దున బండి నంబరు మారింది కదమ్మా. ఎక్స్‌ప్రెస్ స్పెషల్."

"నాకెవలు చెప్పిన్రు సారూ?"

"ఇక్కడ బోర్డు మీద అంటించినం."

"నేనుండేది పద్నాలుగు కిలోమీటర్లకు అవతల. మీ బోర్డు నాకు గక్కడికెళ్లి కనవడుతదా?"

ఆయన తలెత్తాడు. మంచివాడే, కోపిష్టి కాదు. కానీ ఏదీ తనది కాదన్నట్టు మాట్లాడటం అలవాటైపోయిన మనిషి. "సర్లే, ఇప్పుడు తెలిసింది కదా," అన్నాడు.

"తెలిసింది. అయితె ముప్పై రూపాల టికెట్లు రెండు కట్టలియ్యి. పైకం తెచ్చిన."

"అవి హాల్టులకు ఇయ్యరు. హాల్టుకు పాసింజర్ టికెట్లే."

"గట్లనా? మరి బండి మా దగ్గర ఎందుకాగుతుంది?"

క్లర్కు కంప్యూటర్ వైపు తిరిగి ఏదో కొట్టి, తెర ఆమెకు కనబడేలా కాస్త తిప్పాడు. "చూడు. ఎక్స్‌ప్రెస్ కిరాయి లిస్టులో ఏదులవాగు లేనేలేదు. నీ ముందు స్టేషన్ ఉంది, నీ తర్వాత స్టేషన్ ఉంది. నీ హాల్టు లేదు."

"లేకపోతె ఆగొద్దు గద?"

"ఆగుడు టైంటేబుల్ వాళ్లది. అందులో ఉంది, ఆగుతది. కిరాయి వేరే వాళ్లది. అందులో లేదు."

రాజక్క అద్దం మీద రెండు చేతులూ పెట్టి ముందుకు వంగింది. బండి ఆగుతుంది. ఎక్కాలంటే ముప్పై. ముప్పై ఇద్దామంటే తీసుకునేవాడు లేడు. ఇవ్వకపోతే జుర్మానా. తన్నేదీ వాళ్లే, ఏడవొద్దనేదీ వాళ్లే. ఇంతకంటే జేబు కత్తిరించేవాడు నయం, వాడు కనీసం మనల్ని దొంగ అనడు.

"మరి మా జనం ఏం చేయాలె సారూ?"

"ఇక్కడికొచ్చి ముప్పై టికెట్ తీసుకొని ఎక్కచ్చు."

"నలభై పెట్టి ఆటోల వచ్చి, ముప్పై పెట్టి టికెట్ కొని, మా ఊరి ముంగట్నుంచే పోవాలన్నట్టు. మంచిగ చెప్పినవ్."

వెనక వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. క్లర్కు నవ్వలేదు. "నేనేం చేయనమ్మా? నీ పెట్టెలో ఉన్నది నువ్వమ్ముకో. టీసీల డిపార్ట్‌మెంటు వేరు, మాకు సంబంధం లేదు. ఇంకో మాట. నీ హాల్టులో అమ్మకం పోయినేడు కంటే తగ్గింది. ఇంకా తగ్గితే హాల్టే ఎత్తేస్తరు. అది జర చూసుకో."

"చెల్లని టికెట్ అమ్మకపోతె హాల్టు ఎత్తేస్తరు. అమ్మితె నా జనాన్ని పట్టుకుంటరు."

ఆయన చూపు చిల్లర మీదికి దించుకున్నాడు. ఆ మాట నిజమని ఆయన మొహమే చెప్పింది.

"అయితె గిదే ముచ్చట ఒక కాయితం మీద రాసియ్యి సారూ. పొద్దుటి బండికి ఏదులవాగుల టికెట్ ఇయ్యలేదని. సంతకం పెట్టు. నా కిటికీకి అంటించుకుంట. నేను దొంగను కానని జనానికి తెలుస్తది."

"రాసుడు గీసుడు నా పని కాదు," అన్నాడు. ఈసారి గొంతు గట్టిపడింది. "పెద్దసార్లనడుగు. పక్కకు జరగమ్మా, వెనక జనం ఉన్నరు."

రాజక్క జరిగింది. ఇంకో నలభై పెట్టి ఇంటికి చేరింది.

బుధవారం పొద్దున కిటికీ తెరిచింది గానీ ముద్ర తీయలేదు. వచ్చిన ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పింది. గీ బండికి నా టికెట్ చెల్లదు. ముప్పై టికెట్ నాకియ్యలే. మీ ఇష్టం.

ఇలాంటి మాట చెప్పినంత తేలిగ్గా వినేది ఎవరు? మంచిర్యాలలో సిమెంటు దుకాణంలో గుమాస్తా పని చేసే సంపత్ కిటికీ మీద వేళ్లతో కొట్టాడు.

"నెల దినాలనుంచి పదికి పోతనే ఉన్న గద. ఇయ్యాలేం పుట్టింది?"

"నెల దినాలు టీసీ రాలే. సోమవారం వచ్చిండు. సక్కుబాయినడుగు."

"నిన్న తలుపే తియ్యకపోతివి. ఇయ్యాల తీసి లేదంటున్నవ్. ముప్పై అని ముందుగాల ఊరంత చాటి, రేపు ముప్పై తీసుకొని పది టికెట్ చేతుల పెడుదామనా? నడిమి ఇరవై ఎవల జేబుల?"

వరసలో ఎవరో 'అయి ఉంటదిలే' అన్నారు. కాలేజీకి పోయే భవ్యశ్రీ ఒక్కతే ఫోన్ తీసి టికెట్ యాప్‌లో వెతికింది. "పెద్దమ్మ అన్నది నిజమే. గీ బండికి మన హాల్టు పేరే వస్తలేదు," అంది. ఆ మాట విన్నవాళ్లు తక్కువ. బండి వచ్చి ఆగింది. కొందరు టికెట్ లేకుండానే ఎక్కారు, కొందరు ఆటోకని చౌరస్తా వైపు నడిచారు. సక్కుబాయి గంపలు దించి పట్టాల పక్కన కూర్చుండిపోయింది. పండిన సీతాఫలం రెండో రోజుకు నల్లబడుతుంది, మూడో రోజుకు ఈగలకే. ఆమె బండినీ చూడలేదు, రాజక్కనూ చూడలేదు. గంపమీది ఆకులు తీసి పండ్లు ఒత్తి చూసుకుంటూ ఉండిపోయింది.

అన్నం కంచం ముందు పెడుతూ ఇస్తారితో అంతా చెప్పింది రాజక్క. చెప్తూ చెప్తూ ఏడ్చింది కూడా. సంపత్ అన్న మాట రెండుసార్లు చెప్పింది.

ఇస్తారి ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు. "గార్డును చిట్టీ ఎందుకడగలే?" అన్నాడు.

"ఏం చిట్టీ?"

"ఒకేడు వాగు పొంగి నాకు టికెట్ల కట్టలు రాలే. గప్పుడు గార్డు చిట్టీ రాసిచ్చేటోడు. ఫలానా మనిషి ఫలానా కాడ ఎక్కిండు, గక్కడ టికెట్ దొరకలే అని. గది చూపెడితె టీసీ ఉత్త కిరాయి తీసుకుంటడు. జుర్మానా ఎయ్యడానికి లేదు. టికెట్ దొరకని కాడ ఎక్కినోనికి గదే కానూను."

"గది ఎప్పటి కానూనో. గిప్పుడున్నదా?"

"తీసేసినట్టు నీకెవలన్న చెప్పిన్రా?"

"నాకెవలు ఏం చెప్పిన్రు గనుక?"

"అయితె ఉన్నట్టే," అని ఇస్తారి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గురువారం జనం ఎక్కువ. రాజక్క కిటికీ మూసి, షెడ్డు బయటికి వచ్చి నిలబడింది. చేతిలో టికెట్లు లేవు, సక్కుబాయి రసీదు ఒక్కటే ఉంది. "నేనన్నది అబద్ధమైతె రేపటి నుంచి గీ కిటికీ కాడికి రాకున్రి," అంది. "ఇయ్యాల ఒక్కనాడు నా మాటిన్రి. ఎవ్వలూ ముందటి డబ్బలు ఎక్కద్దు. గార్డు డబ్బ కాడికి నడువున్రి. ముప్పై రూపాలు చేతుల పట్టుకోన్రి."

సంపత్ మూతి వంకర తిప్పాడు గానీ నడిచాడు. అందరికంటే వెనక సక్కుబాయి నడిచింది, నెత్తిమీద ఒక గంప, చంకన ఒక గంప.

బండి వచ్చింది. గార్డు పేరు పర్శరాములు. మందమర్రి మనిషి, బాపు బొగ్గుబాయిలో చేసి రిటైరయ్యాడు. పచ్చజెండా చంకన పెట్టుకొని దిగి చూస్తే ఎదురుగా ముప్పై ఏడు మంది వరసకట్టి ఉన్నారు.

"ఏందక్కా, గిటొచ్చిన్రు? ఎక్కున్రి, ఎక్కున్రి. నిమిషమే ఆగుతది."

"ఎక్కుతం సారూ. గీ బండికి మా కాడ టికెట్ లేదు. నాకియ్యలే. ఒక్కొక్కరికి చిట్టీ రాసియ్యి."

గార్డు ఆమె మొహం చూశాడు. ఆమె చేతిలో రసీదు చూశాడు. "అక్కా, గది పాత ముచ్చట," అన్నాడు మెల్లగా.

"తీసేసినట్టు కాయితం ఉంటె చూపియ్యి. ఇప్పుడే ఇంటికి పోతం."

అలాంటి కాగితం ఆయన దగ్గర లేదు. ఆ నియమం ఇంకా ఉందని పర్శరాములుకు తెలుసు. కాకపోతే దాన్ని అడిగినవాళ్లను తన నౌకరీలో ఇప్పుడే చూశాడు. వరసను ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చూసి, డబ్బాలోకి ఎక్కి, పెట్టె తెరిచి చిట్టీల పుస్తకమూ, నకలు తీసే నల్లకాగితమూ తెచ్చాడు. మెట్టు మీద కూర్చొని మోకాలి మీద పుస్తకం పెట్టుకున్నాడు.

"పేరు?"

"భవ్యశ్రీ."

పేరు, ఎక్కిన చోటు, దిగే చోటు, తేదీ, బండి నంబరు, సంతకం. చిట్టీ చింపి ఇవ్వడం, నల్లకాగితం మళ్లీ సర్దడం. ఒక్కొక్కరికి నిమిషం పైనే పట్టింది. అయిదో చిట్టీకి డ్రైవరు వైర్‌లెస్‌లో పిలిచాడు. పదో చిట్టీకి కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. పన్నెండో చిట్టీకి నల్లకోటు టీసీ దిగి వచ్చి చూశాడు. సోమవారం వచ్చినవాడే. సక్కుబాయిని గుర్తుపట్టి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వెనక ఎక్కడో బొగ్గు గూడ్సు ఆగి కూత మీద కూత వేస్తోంది.

పదహారో చిట్టీ రాస్తుంటే గార్డు ఫోన్ మోగింది. పైనుంచి. అవతలి గొంతు ఎంత గట్టిగా అరిచిందంటే ముందు నిలబడ్డ నలుగురికీ వినబడింది. గార్డు "సార్, సార్," అంటూ విన్నాడు. చివరికి ఫోన్ ఛాతీకి ఆనించుకొని లేచాడు.

"ఎక్కున్రమ్మా అందరు. చిట్టీలు వద్దట. మంచిర్యాల దాక మిమ్ముల ఎవ్వలు ఏమనరు. టీసీకి గుడ చెప్తరట. ఇయ్యాల ఉత్తగనే పోన్రి."

వరస కదిలింది. ఉచితమంటే కాలు ఆగుతుందా? సంపత్ అప్పటికే మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. ఇంత చేసి, చివరికి వీళ్లు ఉత్తగా ఎక్కిపోతే, రేపు మళ్లీ అదే కిటికీ, అదే కంత, అదే పది రూపాయల టికెట్. ఆపమని అరిచే హక్కు కూడా తనకు లేదనిపించింది రాజక్కకు. ముప్పై రూపాయలు మిగలడం అక్కడున్న ఎవరికీ తక్కువ సంగతి కాదు.

సక్కుబాయి గంప దించింది.

"నేనెక్క," అంది. "సోమవారం ఇరవై తక్కువైందని నిండు డబ్బల నా ఇజ్జత్ తీసిన్రు. ఇయ్యాల పైసలు చేతుల పట్టుకొనొస్తే ఉత్తగ పొమ్మంటున్నరు. నేను దొంగనా, మీ చుట్టాన్నా? ఏదో ఒకటి చెప్పుమను గా ఫోన్ల ఉన్న సారును." వరస దాటి ముందుకు వచ్చి, చేతిలోని మూడు పదులు గార్డు ముందు చాపింది. "ఉత్తగ ఎక్కితె టీసీ గానాడు అన్న మాట నిజమైతది. నాకు చిట్టీ కావాలె. నా పైసలు తీసుకోవాలె."

వెనక గూడ్సు మళ్లీ కూత వేసింది. సంపత్ మెట్టు మీది కాలు తీసి కింద పెట్టాడు. రాజక్క వైపు చూడకుండానే వచ్చి వరసలో తన చోట నిలబడ్డాడు.

పర్శరాములు ఫోన్ చెవికి పెట్టుకొని, "సార్, ఉత్తగ ఎక్కరట సార్. రాసుడే," అని, అవతలి గొంతు ఇంకా అరుస్తుండగానే జేబులో వేసుకున్నాడు. మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు. "పేరు?" అన్నాడు.

ఇరవై అయిదో చిట్టీతో పుస్తకం అయిపోయింది. మిగిలిన పన్నెండూ తెల్లకాగితాలు చింపి రాశాడు. ఆఖరుది సక్కుబాయిది. కిరాయి పైసలు చిట్టీ చూసి డబ్బాలో టీసీ తీసుకుంటాడని చెప్పాడు. ఆమె చిట్టీని రెండు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. రాజక్క ఒక గంప అందుకొని డబ్బాలోకి ఎక్కించింది. సక్కుబాయి గంపలోంచి రెండు పండ్లు తీసి రాజక్క చేతుల్లో పెట్టింది.

గార్డు తన పెద్ద పుస్తకం తెరిచాడు. బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో, ఎందుకాగిందో రాసే పుస్తకం అది. పెన్ను మూత తీసి రాజక్క వైపు తిరిగాడు.

"ఇగ నాకొచ్చిన తిప్పలు చూడక్కా. నలభై రెండు నిమిషాలు. బర్రె అడ్డమొచ్చిందని రాయాల్నా, చైను గుంజిన్రని రాయాల్నా?"

"ఉన్నది రాయి సారూ," అంది రాజక్క.

ఆయన ఆమెను చూశాడు. తల ఊపి, రాస్తూ పైకే చదివాడు. "ఏదులవాగు. ముప్పై ఏడుగురు ప్రయాణికులు టికెట్ అడిగినారు. ఇక్కడ ఈ బండికి టికెట్ లేదు." కింద సంతకం పెట్టాడు.

"ఇంకోసారి సదువు సారూ."

ఆయన విసుక్కోలేదు. మళ్లీ చదివాడు. తర్వాత ఈల వేసి పచ్చజెండా ఊపాడు.

రాజక్క బండి మలుపు తిరిగేదాకా నిలబడి, షెడ్డుకు వచ్చి రసీదు మేకుకు తగిలించి, పట్టాలు దాటి ఇంటికి పోయింది. ఇస్తారి గడప మీద కూర్చొని ఉన్నాడు. చూపు లేకపోయినా బండి చప్పుడు ఆయనకు గడియారం.

"ఏందే, ఎక్స్‌ప్రెస్ గింతసేపు నిలవడ్డది? సిగ్నల్ ఇయ్యలేదా?"

"సిగ్నల్ ఉన్నది," అంది రాజక్క. ఒక సీతాఫలం విప్పి ఆయన చేతిలో పెట్టింది. "టికెట్ లేక ఆగింది. గట్లనే రాసుకున్నరు."